ఎడమ వెనక స్పీకర్

అమ్మ మా ఇంట్లో ఉండడానికి వచ్చిన రోజున ఆటోలోంచి ముందు దిగింది ఆవిడ కాదు, నాన్న లైన్ బాక్సు. రైలు డ్రైవర్లు డ్యూటీకి వెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్ళే ఇనప్పెట్టెని లైన్ బాక్సు అంటారు. టార్చిలైటు, జెండాలు, రూల్సు పుస్తకం, ఒక జత బట్టలు, దారిలో బస చేసే రన్నింగ్ రూములో వండించుకోవడానికి బియ్యం, పప్పు, అన్నీ అందులోనే. కిరందుల్లో అద్దె ఇల్లు ఖాళీ చేసి జగదల్‌పూర్ వచ్చేస్తూ అమ్మ గిన్నెల్నీ మంచాల్నీ చుట్టుపక్కల వాళ్ళకి పంచిపెట్టేసింది. ఈ పెట్టెనీ, గోనె సంచుల్లో మూటలు కట్టిన స్పీకర్లనీ, నాన్న కూర్చునే కేన్ కుర్చీనీ మాత్రం రైల్లో వేయించుకొచ్చింది. నాన్న పోయి అప్పటికి ఒక వానాకాలం దాటింది. పెట్టె తాళం ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా తనే తీసి, పాత చీరతో కుట్టిన గవిసెన విప్పి, లోపలి వస్తువుని రెండు చేతులా ఎత్తి బల్ల మీద పెట్టింది. దాని కన్నాల్లోంచి చిటికెడు ఎర్రదుమ్ము రాలింది. కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన మా అమ్మాయి వంగి చూసింది.

"అమ్మమ్మా, ఇదేంటి? గ్యాస్ స్టవ్వా?"

"మీ తాతయ్య రిసీవర్. స్టవ్వు కన్నా ఎక్కువమందికే వడ్డించింది లే," అంది అమ్మ, ఆ రాలిన దుమ్ముని వేలితో అద్ది చూసుకుంటూ.

ఆ దుమ్ము ఇప్పుడు చిటికెడే. మా చిన్నప్పుడు కిరందుల్ రైల్వే క్వార్టర్లో అది ఇంటిమనిషి. బైలాడిలా కొండల ఇనపరాయి వ్యాగన్లలో పడేచోటికి మా ఇల్లు ఎంతో దూరం లేదు. తీగ మీద ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి గులాబీరంగు తిరిగేది. పెరుగు మీద మూత పెట్టడం మరిచిపోతే పెరుగు మీద కూడా సన్నగా ఎర్రపొర. ఎండాకాలం వస్తే ఆ దుమ్ము వాసనలో ఎక్కడినుంచో ఎండుతున్న ఇప్పపూల తీపి వాసన కలిసేది, వానాకాలంలో తడి ఇనుము వాసన. నిండు గూడ్సు యార్డులోంచి కదిలినప్పుడల్లా వంటింటి గూట్లో స్టీలు గిన్నెలు గలగలమనేవి. ఆ గలగల మొదలవకముందే మా వీధిలో ఆడవాళ్ళందరూ, చేతిలో ఏ పని ఉన్నా సరే, ఒక చెయ్యి చాచి గూటి అంచుకి అడ్డం పెట్టేవాళ్ళు. అమ్మ అయితే ఎడమచేత్తో గిన్నెలు పట్టుకుని కుడిచేత్తో పోపు వేసేది, మాట మాత్రం మధ్యలో ఆగేది కాదు.

నాన్నది బొబ్బిలి పక్క పల్లె. గూడ్సు డ్రైవరుగా కిరందుల్ వచ్చి, ఈ లైనుని పెళ్ళాం పిల్లల్ని ప్రేమించినట్టే ప్రేమించేశాడు. మా లైనులో ఖాళీ బండి కొండెక్కుతుంది, నిండు బండి కిందికి సముద్రం వైపు దిగుతుంది. "నడపడం ఎవుడైనా నడుపుతాడు. కొండ ఎనకనుంచి తోస్తుంటే బండిని ఆపుకుంటా తేవడం, అదీ పనంటే," అనేవాడు. డ్యూటీకి బయల్దేరేముందు ఆయన గడ్డం గీసుకోవడం, బూట్లు తుడుచుకోవడం, పెట్టెలో జెండాలు మడతపెట్టుకోవడం చూస్తే పెళ్ళికి వెళ్తున్నాడేమో అనిపించేది. ఇంట్లో కూడా ఇంజనులో ఉన్నట్టే ఉండేవాడు. ఇంజనులో ఎడమసీటు డ్రైవరుది, కుడిసీటు అసిస్టెంటుది. సిగ్నల్ కనపడగానే అసిస్టెంటు దాని రంగు పైకి చెప్పాలి, డ్రైవరు తిరిగి అదే మాట చెప్పాలి. ఆ అలవాటు కొద్దీ అమ్మ "అన్నం" అంటే నాన్న "అన్నం" అని బదులు చెప్పాకే లేచేవాడు. నేనూ తమ్ముడు ప్రసాదూ దాన్ని అనుకరించి నవ్వుకునేవాళ్ళం. ఆయనకి మా నవ్వు కూడా ముచ్చటే.

ఆ రిసీవర్ ఆయనకి విశాఖపట్నంలో దొరికింది. హార్బరు దగ్గర ఓడల మీద పనిచేసేవాళ్ళు తెచ్చి అమ్ముకునే వస్తువుల దుకాణాలు కొన్ని ఉండేవి. అక్కడ ఒక మూల, టేప్‌రికార్డర్ల కింద ఇది కనిపించిందట. జపాన్ నుంచి వచ్చిన సరుకు. ముందు పలక అంతా బ్రష్ చేసిన ఉక్కు, మధ్యలో పెసరపప్పంత ఆకుపచ్చ దీపం, కుడివైపు కొబ్బరిచిప్పంత గుండీ. ఐదు స్పీకర్లకి వేరువేరుగా శబ్దం పంపుతుంది, గది అదిరేలా కిందిశ్రుతి పలికే ఊఫర్ పెట్టె ఇంకొకటి. ఆరోజు ఆయన దాన్ని లైన్ బాక్సులో పెట్టి, తన బట్టలూ జెండాలూ ఒక చేతిసంచీలోకి మార్చుకుని, ప్యాసింజర్లో అరకు సొరంగాలన్నీ దాటుకుంటూ ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. గుమ్మంలోనే పెట్టె తెరిచి అమ్మతో అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "మన కొండని ముక్కలు ముక్కలుగా నేనే దింపేను. ఓడెక్కి జపాన్ ఎల్లింది. సూడు, ఎంత బాగా సదువుకుని తిరిగొచ్చిందో!" అమ్మ ఆ ఉక్కు పలక మీద చెయ్యి వేసి చూసి, "మరి కొండంత ఉంది, ఎక్కడ పెడతారు?" అంది.

పెట్టడానికి ముందుగది ఒకటే ఉంది. జపాన్ కరెంటు మన కరెంటులో సగమూ లేదట, అందుకని దానికోసం ఒక బరువైన ట్రాన్స్‌ఫార్మర్. వెంట వచ్చిన పుస్తకం మొత్తం జపాన్ భాషలో ఉంది. హిందీ, హల్బీ, తెలుగు, కాస్త ఒడియా, ఇన్ని భాషలు తిరిగే మా వీధిలో ఆ ఒక్క భాష వచ్చినవాడే లేడు. నాన్న ఆ పుస్తకాన్ని తిరగేసి బొమ్మలు చూసి వైర్లు కలిపాడు, మిగతాది దేవుడి మీద వదిలాడు. అమ్మ తన పాత వంగపండు చీర చింపి గవిసెన కుట్టింది. రోజూ దుమ్ము తుడిచే పని నాది. తుడవడానికి నాన్న తన పాతబడిన పచ్చజెండా గుడ్డ ఇచ్చాడు. ఎర్రజెండా గుడ్డ కూడా ఉంది కానీ, దాంతో తుడిస్తే ఎర్రదుమ్ము ఎంత పోయిందో తెలియదని అమ్మ వద్దంది.

ఆ రిసీవర్ గురించి మా ఇంట్లో చెప్పుకుని నవ్వుకునే కథ ఒకటుంది. వచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం నాన్న రిమోట్ మీద తెలియని మీట ఏదో నొక్కాడు. ఉన్నట్టుండి టీవీ ఎడమపక్కన సన్నగా "స్‌స్‌స్" మని మొదలైంది. "ఎయిర్ లీకు!" అని నాన్న లేచి నిలబడ్డాడు. బండిలో బ్రేకులకి గాలి వెళ్ళే పైపు ఎక్కడైనా చిల్లుపడితే అచ్చం అలాగే బుసకొడుతుందట. చెవి ముందుకి పెట్టి, నడుం వంచి, వ్యాగన్ల పక్కన నడిచినట్టు ఆ స్పీకర్ దగ్గరికి వెళ్ళాడో లేదో, బుస టీవీ కింది స్పీకర్లోకి వెళ్ళిపోయింది. అక్కడికి వెళితే కుడిపక్కకి, అక్కడినుంచి వంటింటి గుమ్మం పైకి, చివరికి వెనక కిటికీ దగ్గరున్న ఎడమ స్పీకర్లోకి. గది చుట్టూ ఒక ప్రదక్షిణం పూర్తయ్యాక అమ్మ పమిట నోట్లో కుక్కుకుని, "లీకు మిమ్మల్ని తిప్పుతోందా, మీరు లీకుని తరుముతున్నారా?" అని అడిగింది. అప్పుడర్థమైంది ఆయనకి. ఏ స్పీకర్ పలుకుతోందో, ఏది మందంగా ఉందో సరిచూసుకోవడానికి జపాన్ వాడు పెట్టిన ఏర్పాటు అది. నాన్నకి దాని మీద గౌరవం పుట్టింది. "బండి తీసేముందు గార్డుతో ఆల్ రైట్ మార్చుకోమా? ఇదీ అంతే," అన్నాడు.

ఆరోజు నుంచి మా ఇంట్లో అదొక వ్రతమైపోయింది. పాటైనా సినిమా అయినా, ముందు అందరం మా మా స్థానాల్లోకి వెళ్ళాలి. ప్రసాదు టీవీ దగ్గర, ముందున్న మూడు స్పీకర్లూ వాడివి. అమ్మ వంటింటి గుమ్మంలో, కుడి వెనకది ఆవిడది. కిటికీ కింద స్టూలు మీద నేను, ఎడమ వెనకది నాది. నాన్న గది మధ్యలో కేన్ కుర్చీలో. ఆయన మీట నొక్కుతూ పోతాడు, బుస ఒక్కో స్పీకర్‌కీ వస్తుంది, దాని కింద ఉన్నవాళ్ళు "ఆల్ రైట్!" అని కేక వెయ్యాలి, తన కుర్చీలోకి అది సమంగా వినబడితే ఆయన "ఆల్ రైట్" అని తిరిగి చెప్పాలి. అన్నిటికన్నా చివరిది నాది. నాది అయ్యాకే సినిమా. ఆదివారం మధ్యాహ్నాలు పక్క క్వార్టర్ల వాళ్ళు వచ్చి చాపల మీద సర్దుకుని, ఈ తంతు అయ్యేదాకా పూజలో కూర్చున్నట్టు కదలకుండా కూర్చునేవాళ్ళు. తెలుగు రాని బెంగాలీ పిన్నిగారు కూడా "అల్‌రైట్" అనేది. మొదటిసారి సినిమాలో కొండ విరిగిపడి ఊఫర్ గదంతా అదిరించినప్పుడు, చాపల మీద ఉన్న ఆడవాళ్ళందరి ఎడమచేతులూ ఒక్కసారి గాల్లోకి లేచాయి. పట్టుకోవడానికి అక్కడ గూడూ లేదు, గిన్నెలూ లేవు. ఒకరి చెయ్యి ఒకరు చూసుకుని ఎంత నవ్వారో, ఆ తర్వాత సినిమా ఎవరూ సరిగ్గా చూడలేదు.

నేను ఆ యంత్రాన్ని అప్పుడూ మెచ్చుకున్నాను, ఇప్పుడూ మెచ్చుకుంటాను. అమ్మ మా తెలుగు చర్చిలో పాటలు ఎత్తుకునేది, మంచి చెవి. రేడియోలో వందసార్లు విన్న పాటని దీంట్లో మొదటిసారి విని, చేతిలో చేట పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. "వెనకెవరో వీణ వాయిస్తున్నారు, ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో!" అంది. సినిమాలో వాన పడితే మా గదిలో వాన పడేది. హీరో తలుపు కొడితే ప్రసాదు వీధి తలుపు వైపు చూసేవాడు. థియేటర్లో తెలుగు సినిమా చూడాలంటే ఒక రోజు ప్రయాణం చేయాల్సిన ఊళ్ళో, మాకది చిన్న విషయం కాదు. అయితే దాన్ని అలా పలికించింది జపాన్ వాడి తెలివి ఒక్కటే కాదు, మా నాన్న ఓపిక కూడా. ఏ స్పీకర్ ఎంత ఎత్తులో, ఎంత వాలుగా ఉండాలో కుర్చీలో కూర్చుని, లేచి, సర్ది, మళ్ళీ కూర్చుని కనిపెట్టాడు.

అలాంటిది ఒక ఆదివారం, బయట ముసురు పట్టి ఉంది, నా వంతు వచ్చింది. నా నెత్తి మీద బుస బాగానే వినపడింది. "ఆల్ రైట్!" అన్నాను. నాన్న తిరిగి చెప్పలేదు. "ఏటే బుజ్జీ, రాకుండానే వచ్చిందంటావేటి?" అన్నాడు. వచ్చిందని ఒట్టేశాను. ఎలక వైరు కొట్టేసుంటుందన్నాడు. వైరు మార్చాడు, అయినా మందంగానే ఉందన్నాడు. దుమ్ము చేరిందేమోనని స్పీకర్ వెనక తుడిచాడు. ఆయన పనికొక పద్ధతి ఉంది. ఇంజనులో ఏదైనా తేడా వస్తే అనుమానం ఉన్న పార్టుని తీసి మంచి పార్టు ఉన్నచోట పెట్టి చూస్తారు. "జబ్బు దాంతో ఎల్తే అదే దొంగ. ఎల్లకపోతే అది పాపం మంచిదే," అని మాకు ఎన్నోసార్లు చెప్పాడు. అలాగే అమ్మ గుమ్మం మీది స్పీకర్‌ని నా కిటికీ మీదికి, నాదాన్ని అమ్మ దగ్గరికి మార్చాడు. జబ్బు స్పీకర్‌తో వెళ్ళలేదు, కిటికీ దగ్గరే ఉండిపోయింది. రిసీవర్ వెనక తీగలు అటుదిటు కలిపాడు. జబ్బు కదల్లేదు. చాపల మీద జనం ఓపిగ్గా కూర్చుని ఉన్నారు. నాన్న ముఖం మీద చెమట చూసి నేను నిజంగానే నా చెవులే మోసం చేస్తున్నాయేమో అనుకున్నాను.

అమ్మ ఆరోజు ఇంక సినిమా లేదని చెప్పి, టీలు ఇచ్చి అందరినీ పంపేసింది. తలుపు దగ్గరగా వేసి, నాన్న చేతిలోంచి రిమోట్ తీసుకుంది.

"ఓ మాటు కుర్చీ ఎనక్కి తిప్పుకుని కూకోండి. గోడకేసి."

"ఏల?"

"ఏలేటి, మీరు చెప్పిందే కదా. అన్ని పార్టులూ మార్చేరు. మార్చనిది ఒకటే మిగిలిపోయింది."

నాన్న కాసేపు అమ్మనే చూశాడు. తర్వాత కుర్చీ తిప్పుకుని, టీవీకి వీపు పెట్టి కూర్చున్నాడు. అమ్మ మీట నొక్కింది. నా కిటికీ మీద బుస రాగానే, నేను నోరు తెరవకముందే, నాన్న "వచ్చింది," అన్నాడు. అమ్మ నొక్కుకుంటూ పోయింది. టీవీ కుడిపక్క స్పీకర్ దగ్గర ప్రసాదు "ఆల్ రైట్!" అని అరిచాడు. అది ఎప్పుడూ గట్టిగా పలికేది. ఇప్పుడు నాన్నకి వెనక, ఎడమవైపు పడింది. "నాన్నా, ఆల్ రైట్!" అని వాడు మళ్ళీ అరిచాడు. నాన్న గోడకేసి చూస్తూ, "నీ కేక వినబడిందిరా. అది వినబళ్ళేదు," అన్నాడు. జబ్బు ఆయనతో పాటు తిరిగింది.

అమ్మకి కొన్నాళ్ళుగా అనుమానం ఉందట. కుడిచెవి దిండుకి ఆనించి పడుకున్నప్పుడు, డ్యూటీకి పిలవడానికి వచ్చిన కాల్ మ్యాన్ తలుపు బాదినా ఆయన లేవడం లేదు. ఎడమవైపు నుంచి "అన్నం" అంటే "అన్నం" రావడం లేదు. ఇన్నేళ్ళు ఇంజను హోరులో ఉన్న చెవి కదా, అలిసిపోయింది. ఆయనకే తెలియలేదంటే ఆశ్చర్యం లేదు. ఇంజనులో మాట్లాడే మనిషి ఎప్పుడూ కుడిపక్కనే. పనిలో ఆ చెవితో ఆయనకి అవసరమే పడలేదు. ఆ చెవిని నిలబెట్టి ప్రశ్న అడిగింది మా ఇంట్లో ఆ ఉక్కు పెట్టె ఒక్కటే. నాకు అప్పటికి ఇవన్నీ అర్థమయ్యే వయసే. చెవి సరిగ్గా లేదని తేలితే డ్రైవరుని లైను మీదికి పంపరు. నాన్న ఇంక బండెక్కడన్న ఆలోచనే నాకు భయం పుట్టించింది. బూట్లు తుడుచుకోని నాన్న ఎలా ఉంటాడో ఊహకి అందలేదు.

సాయంత్రం ఆయన అసిస్టెంటు జోగయ్య వచ్చాడు. కుంట అనే ఊరి దగ్గర దోర్ల తెగ వాళ్ళ అబ్బాయి, నాన్న దగ్గరే పని నేర్చుకున్నాడు, మా ఇంట్లో సొంత మేనమామలా తిరిగేవాడు. నాన్న దాచకుండా చెప్పాడు. జోగయ్య వీధి తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"ఏంది సార్, ఎవరికి తెలుస్తది? నేనెప్పుడూ మీ కుడిపక్కనే ఉంట గదా. సిగ్నల్ నేను చెప్త, మీరు ఇంటరు. ఇన్నేండ్లు నడిచింది, ఇంకొన్నేండ్లు నడవదా?"

"కుడిపక్కన నువ్వున్నావు జోగయ్యా. ఎడం పక్కన ఎవులున్నారు?"

జోగయ్య చూపు నాన్న ఎడమచెవి వైపు వెళ్ళింది.

"వారం సంత, అదే హాట్ బజారు రోజున నెత్తి మీద బుట్టలెట్టుకుని పట్టాలెంట నడిచొచ్చే జనం ఆ పక్కే. పట్టాలు బాగుచేసే గేంగువాడు కేకేసినా ఆ పక్కే. ఐదు స్పీకర్లకి ఆల్ రైట్ రాకపోతే ఈ ఇంట్లో సినిమా ఎయ్యలేదు నేను. అంత బండికి సగం ఇని ఎలాగ తీస్తాను? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఇంట్లోనే ఓడిపోయేను కదా."

అమ్మ వంటింట్లోంచి వచ్చి ఆయన కుడిపక్కన కుర్చీ చేతి మీద చెయ్యి వేసి నిలబడింది. మర్నాడు కాల్ మ్యాన్ వచ్చేలోపే నాన్న తనంతట తనే రైల్వే డాక్టరు దగ్గరికి వెళ్ళి చెప్పుకున్నాడు. అక్కడినుంచి విశాఖపట్నం పెద్దాసుపత్రికి పంపారు. నేను పెద్దయ్యాక చాలామంది గొప్పవాళ్ళని దగ్గరగా చూశాను. ఎవరూ అడగకుండా, ఎవరికీ పట్టుబడకుండా, తనకి ప్రాణమైనదాన్ని తన చేత్తోనే దించి పక్కన పెట్టిన మనిషిని మా నాన్నని తప్ప ఇంకొకర్ని చూడలేదు. ఇది కూతురి గర్వం అనుకుంటే అనుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

లైను నుంచి తప్పించి ఆయనకి లాబీలో పని ఇచ్చారు. డ్రైవర్లు డ్యూటీ ఎక్కేముందు సంతకం చేసే ఆఫీసు అది. కొత్త పని మొదలయ్యేదాకా, మొదలయ్యాక కూడా చాలా రోజులు, రిసీవర్ మీది గవిసెన తియ్యలేదు. గూడ్సు కదిలినప్పుడల్లా నాన్న ఆ చప్పుడు దూరమయ్యేదాకా అన్నం కలపడం ఆపేసేవాడు. నేను మాత్రం రోజూ పచ్చగుడ్డతో గవిసెన పైనే తుడిచేదాన్ని. ఇంట్లో ఎవరూ పాటల ఊసెత్తలేదు, చాపలు మూల చుట్టబెట్టి ఉండిపోయాయి.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి అమ్మ తనే గవిసెన విప్పింది. అంతకుముందు ఆవిడ దాన్ని ఒక్కసారి కూడా వెయ్యలేదు. "ఎవరి స్థానాల్లోకి వాళ్ళు వెళ్ళండి," అంది మాతో. నాన్న కుర్చీలో కూర్చున్నాడు కానీ చూపు నేల మీద ఉంది. ప్రసాదు మూడు ఆల్ రైట్లూ చెప్పాడు, అమ్మ తనది చెప్పింది. నాన్న తిరిగి చెప్పాడు. తర్వాత నా వంతు. నెత్తి మీద బుస మొదలైంది. "ఆల్ రైట్" అని ఎలా అరవను? ఆయనకి నా కేక వినబడుతుంది, అది మాత్రం వినబడదు. ఆ కేక ఆయన్ని పొడుస్తుందేమోనని భయమేసింది. చేతిలో తుడిచే గుడ్డ ఉంది. గార్డు కేక ఇంజను దాకా అందదు, ఆయన ఏం చేస్తాడు? నాన్న చెప్పిందే గుర్తొచ్చి చెయ్యి పైకెత్తి పచ్చగుడ్డని నెమ్మదిగా ఊపాను. నాన్న తల తిప్పి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. బుస అలా కొడుతూనే ఉంది. ఆయన కళ్ళు నిండాయి, మీసం కింద నవ్వు వచ్చింది.

"ఆల్ రైట్," అన్నాడు.

మళ్ళీ చాపలు పరిచారు, మళ్ళీ బెంగాలీ పిన్నిగారు వచ్చింది. లాబీలో నాన్న కుడిచెవి కౌంటరు వైపు పెట్టుకుని కూర్చునేవాడు. కుర్రడ్రైవర్లని "చెవులు ఎలాగున్నాయి?" అని అడక్కుండా సంతకం చెయ్యనిచ్చేవాడు కాదట. ఎవరైనా ఎడమపక్కన చేరి కబుర్లు చెబితే, "చెవిటివాడి ముందు శంఖం ఊదకు, ఇటురా," అని తన మీద తనే వేసుకునేవాడు. జోగయ్య తర్వాత తనూ డ్రైవరయ్యాడు. యార్డులోంచి బండి తీసుకెళుతూ మా క్వార్టర్ దాటేటప్పుడు ఒక చిన్న కూత వేసేవాడు. నాన్న అరుగు మీదికొచ్చి చెయ్యెత్తేవాడు. ఇంట్లో సినిమా వేసేముందు నా పచ్చగుడ్డ లేచేది. నేను పెళ్ళై వెళ్ళిపోయాక ఆ స్టూలు మీద అమ్మ కూర్చుని ఊపేదని ప్రసాదు చెప్పాడు.

మా అమ్మాయి రెండు నెలల కిందట ఒక సౌండ్‌బార్ కొంది. టీవీ కింద కర్రలా ఉంటుంది, అంతే. దాన్ని పెట్టిన కుర్రాడు ఫోనులో ఏదో నొక్కితే అది నాలుగు కూతలు కూసి, గదిని తనే కొలుచుకుని, గోడలకి కొట్టి శబ్దాన్ని వెనకనుంచి వచ్చినట్టు చేసింది. బాగుంటుంది, కాదనను. వైర్లు లేవు, ఎలకల గొడవ లేదు. నిజం చెప్పాలంటే అప్పటి రిసీవర్ కన్నా శుభ్రంగా పలుకుతుంది కూడా. కానీ దానికి మాతో పనే లేదు. మా అమ్మాయి ఒక గదిలో వింటుంది, నేనొక గదిలో, అది ఎవరినీ ఏమీ అడగదు. అదే కొలుచుకునే యంత్రం అప్పుడు మా ఇంట్లో ఉండి ఉంటే నాన్న చెవి సంగతి ఎప్పటికి బయటపడేదో, ఏ మలుపు దగ్గర బయటపడేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

"ఒక్కసారి మోగితే చాలు, తర్వాత అటకెక్కించెయ్యండి," అంది అమ్మ మొన్న ఆదివారం. మా అమ్మాయికి ఉత్సాహం వచ్చింది. స్పీకర్ల మూటలు విప్పి, ఎర్రదుమ్ముకి తుమ్ముతూ, వైర్లన్నీ తనే కలిపింది. ఇన్నేళ్ళ తర్వాత పెసరపప్పంత ఆకుపచ్చ దీపం వెలిగింది. ముందు స్పీకర్ల దగ్గర తనని నిలబెట్టి, ఏం చెయ్యాలో అమ్మే నేర్పించింది. కుడి వెనకది అమ్మదే, కానీ మోకాళ్ళ నొప్పులు, నిలబడలేదు. రిమోట్ పట్టుకుని నాన్న కేన్ కుర్చీలో కూర్చుంది. నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను. గవిసెన మడతల్లోంచి తీసిన పచ్చగుడ్డ చేతిలోనే ఉంది, అంచులు చీకిపోయి, అక్కడక్కడ ఎర్రమరకలతో.

బుస బయల్దేరింది. మా అమ్మాయి నవ్వుతూ మూడుసార్లు ఆల్ రైట్ చెప్పింది. అమ్మ ప్రతిదానికీ తిరిగి చెప్పింది. కుడి వెనకదానికి కూర్చున్నచోటి నుంచే రెండు వంతులూ తనే చెప్పుకుంది. చివరికి నా నెత్తి మీద మొదలైంది, అదే సన్నటి బుస, కిరందుల్ ముసురు మధ్యాహ్నం ఉన్నట్టే. అమ్మవి ఈ వయసులో కూడా రెండూ పాముచెవులే. అయినా ఆవిడ తల ఎడమవైపు తిప్పి నన్ను చూస్తూ కూర్చుంది. "అమ్మమ్మా, మోగుతోంది కదా," అంది మా అమ్మాయి. అమ్మ వినిపించుకోలేదు. నా చెయ్యి లేచింది, గుడ్డ ఊగింది.

"ఆల్ రైట్," అంది అమ్మ.